కోసిన గుడ్డుకు పసుపు

పూణే,
ఆదివారం మధ్యాహ్నం.

వేంపల్లెలో ఉన్న మా అన్న ఓబులేసుకు చెల్లెలు రామసుబ్బమ్మ కాళ్ళకు మొక్కి రాసేది. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, వదిన, పెద్దమ్మ అందరూ బాగున్నారనే అనుకుంటాను. అనుకుంటాను అని ఎందుకు రాశానంటే, నువ్వు ఫోనులో చెప్పే "బాగుండాం లేమ్మే" అనే మాట మీద నాకు నమ్మకం పోయింది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఫోనులో అయితే నాకంటే ముందు నువ్వే మాట్లాడేసి, నేను అడగబోయేదాన్ని పక్కకు తోసేస్తావు. కాగితాన్ని మాత్రం కళ్ళతో చదవాల్సిందే కదా. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని విసుక్కోవద్దు. కావాలనే చిన్నవిగా రాశాను.

ముందు నా సంగతులు చెప్పేస్తాను. లేకపోతే నా మీద బెంగ అనే వంక పెట్టుకుని జవాబు ఎగ్గొడతావు. ఇక్కడ వాన ఇంకా పడుతూనే ఉంది. మన ఊళ్ళో వాన వస్తే అందరూ బయటికి వచ్చి చూస్తారు. ఇక్కడ వాన ఆగితే బయటికి వచ్చి చూస్తారు. బట్టలు ఆరవు. ఉతికిన చీర మూడో రోజుకు కూడా చెమ్మగానే ఉంటే, గది అద్దెకిచ్చిన ఇంటామె నా చీర మీద నీళ్ళు చల్లుతోందేమోనని తలుపు సందులోంచి ఒక పూటంతా కాపలా కాశాను. పాపం, ఆమె తన బట్టలు కూడా తడివే మడత పెట్టుకుంటోంది.

తిండికి లోటు లేదు. జొన్నరొట్టె ఇక్కడా చేస్తారు, మనకంటే కొంచెం పలుచన, అంతే. కానీ పప్పులో బెల్లం వేస్తారన్నా. మొదటి రోజు ఇంటామె పిలిచి పెట్టినప్పుడు, పప్పు పాచిపోయిన సంగతి నాకు తెలియకూడదని బెల్లం కలిపిందనుకున్నాను. ఆమె తినేదాకా నేను ముట్టలేదు. ఆమె రెండుసార్లు వేసుకుని తిన్నది. అయినా నాకు పడలేదు. ఇప్పుడు వేరే పొయ్యి పెట్టుకుని, రొట్టెలో నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి నూరుకుని తింటున్నాను. ఒంట్లో బాగానే ఉంది. సాయంత్రం గది తలుపు వేసుకున్నాక తెలుగు మాట వినపడదు, అప్పుడు మాత్రం ఏడుపొస్తుంది. కాసేపటికి అదే పోతుంది. నేను బాగున్నాను, దిగులు పడొద్దు.

నా పని గురించి ఊళ్ళో అందరికీ "మళ్ళీ కోళ్ళఫారంలోనే చేరింది" అని చెబుతున్నావట. అది కోళ్ళఫారం కాదని నీకు మూడుసార్లు చెప్పాను. అది పరిశోధన చేసే చోటు. మన ఊరి దగ్గర గుడ్లు పొదిగించే కేంద్రంలో పన్నెండేళ్ళు నేను చేసిన పని నీకు తెలిసిందే. గుడ్డును లైటు మీద పెట్టి, లోపల ఎర్రగా సన్నటి నరాలు కనపడితే పిల్ల అవుతుందని, కనపడకపోతే మురుగుతుందని చెప్పేదాన్ని. మీ బావ పోయాడు, తర్వాత ఆ కేంద్రమూ మూతపడింది. అప్పుడు అక్కడి పశువుల డాక్టరు, "పూణేలో మన ఆత్మకూరు అమ్మాయి ఒకామెకు గుడ్లు తెలిసిన మనిషి కావాలంట" అని చెబితే కదా నేను వచ్చింది. ఆ అమ్మాయే శైలజ మేడం. నాకంటే చిన్నది, పెద్ద చదువు చదివింది. మన మాటే మాట్లాడుతుంది. నన్ను సుబ్బక్కా అని పిలుస్తుంది.

చేరిన కొత్తలో నాకు అక్కడ ఎవరి మీదా నమ్మకం లేదు. చూస్తే నీకూ ఉండదు. మూడు రోజులు పొదిగించిన గుడ్డును తీసుకొచ్చి, పెంకును గోరంత మేర చతురస్రంగా కోసి కిటికీ పెడతారు. కిటికీ మీద తెల్లటేపు అంటించి మళ్ళీ వెచ్చటి పెట్టెలో పెడతారు. నాలుగైదు రోజులకు టేపు తీసి, లోపలి పొర మీద మందు చుక్క వేస్తారు. ఇంకో రెండు రోజులకు ఆ పొర మీద నెత్తుటి నరాలు ఎన్ని కొమ్మలు వేశాయో భూతద్దంలో లెక్కపెడతారు. పిల్ల బయటికి రాకముందే అంతా ఆపేస్తారు. అది చూసి నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. పిల్లలు పెంకు పగలగొట్టుకుని కీచుకీచుమంటూ వచ్చే పొద్దు కోసమే నేను పన్నెండేళ్ళు ఆ పని చేశాను. ఇక్కడ ఆ పొద్దు రాదు. వీళ్ళు ఏదో విషం తయారు చేస్తున్నారని, అందుకే నాతో ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని అనుకున్నాను. ఆ కాగితాన్ని ఇంటామె కొడుకుతో చదివించుకున్నాను కూడా. చేతులు కడుక్కోవాలని, చెప్పులు బయట వదలాలని, చెప్పని వస్తువేదీ గుడ్లకు తగలనివ్వకూడదని ఉందట, అంతే.

ఆ చివరి మాట నేను గుర్తు పెట్టుకోవాల్సింది.

నా కర్మ కొద్దీ ఆ వారమే నువ్వు పంపిన పసుపు మూట వచ్చింది. కొమ్ములు దంచి, జల్లించి, సగం గదిలో పెట్టుకుని కొంచెం పొట్లం కట్టి పనికి తీసుకెళ్ళాను. కిటికీ కోసేది అశ్విని అనే మరాఠీ పిల్ల, అక్కడ చదువుకునే విద్యార్థిని. ఆమె కోసి ఇస్తే టేపు వేసేది నేను. నువ్వే చెప్పన్నా, ప్రాణం ఉన్నదాన్ని కోశాక, కోసినచోట పసుపు పెట్టకుండా ఎవరైనా వదిలేస్తారా? నీ కాలికి పార దిగినప్పుడు అమ్మ ముందు పసుపద్దింది, తర్వాతే కదా నిన్ను తిట్టింది. నేనూ అంతే, వేలు తడిపి, పసుపు అద్ది, కిటికీ అంచు చుట్టూ రాసి, పైన టేపు వేశాను. ఒక్క గుడ్డును కూడా వదల్లేదు. ఎవరికీ చెప్పలేదు. మంచి పనే కదా, చెప్పాల్సిన అవసరం ఏముందనుకున్నాను. ఉరుముకు గుడ్లు చెడకుండా పెట్టె మీద ఒక ఇనుపమేకు కూడా పెట్టాను.

అక్కడి నుంచి మొదలైంది. మందు వేసిన గుడ్లలో నరాలు తగ్గాయి. అది వాళ్ళు కోరుకున్నదే, అశ్విని సంబరపడింది. కానీ మందు వేయకుండా ఉత్త ఉప్పునీళ్ళు వేసిన గుడ్లలో కూడా నరాలు తగ్గాయి. వాటిలో బాగా పెరగాలట. మేడం ముఖం మాడిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చేశారు. నేను మళ్ళీ పసుపు రాశాను. మళ్ళీ అదే తంతు.

ఇంక అందరికీ అందరి మీదా అనుమానమే. మేడం గుడ్లు అమ్మినవాణ్ణి అనుమానించింది. అశ్విని వేడి పెట్టెను అనుమానించింది. నేను అశ్వినిని అనుమానించాను. ఆ పిల్ల ఎప్పుడూ ఫోను చూస్తూ ఉంటుంది, ఉప్పునీళ్ళు అనుకుని మందే వేసి ఉంటుందని మేడం చెవిలో వేశాను. మేడం ఆ పిల్లను పిలిచి అడిగితే, ఆమె గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. నిజంగా చెబుతున్నా, ఆమెది దొంగ ఏడుపు అని కూడా అనుకున్నాను. నా బుద్ధి అట్లాంటిది.

మూడోసారి మేడం తానే టేపు తీస్తూ, టేపు అడుగున పచ్చగా మరక చూసింది. వంగి వాసన చూసింది.

"సుబ్బక్కా, ఇదేంది?"

"పసుపు మేడం."

"పసుపా? ఎవరు పెట్టినారు?"

"నేనే. కోసినచోట పసుపు పెట్టకుండా ఎట్ల ఇడిసిపెట్టేది మేడం?"

మేడం కుర్చీలో కూలబడింది. కాసేపు నవ్వింది, కాసేపు తల పట్టుకుంది. "అక్కా, ఆరు వారాల పని అక్కా" అన్నది. ఆ మాట తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది. అశ్విని దగ్గరికి పోయి, వచ్చీరాని హిందీలో తప్పు నాదని చెప్పాను. ఆ పిల్ల మంచిది. నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, తమ ఇంట్లో కూడా దెబ్బకు అదే పెడతారని చెప్పింది. ఇనుపమేకు సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దానివల్ల నష్టమేమీ లేదు కాబట్టి ఉండనిచ్చాను.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, ఆ రోజు సాయంత్రం మేడం నన్ను కూర్చోబెట్టి చెప్పిన మాటల కోసం. జాగ్రత్తగా విను.

"అక్కా, నువ్వు లైటు మీద చూసే నరాలుండాయే, వాటి లోపలి కణాల మీద గ్రాహకాలని ఉంటాయి. కంటికి కనపడవు, శానా చిన్నవి. యాడన్నా రక్తం చాల్లేదనుకో, ఆడి నుంచి ఒక ప్రోటీను బయల్దేరుతాది, కొత్త నరం కావాలని కబురు మోసుకోని. అది వచ్చి గ్రాహకానికి తగులుకుంటేనే ఈ కణం కదుల్తాది, ఒకటి రెండయితాది, కొమ్మేస్తాది. తగులుకోకపోతే ఎన్ని కబుర్లు పంపినా కొమ్మ రాదు. మేము చేసే మందు ఆ తగులుకునేదాన్నే ఆపాల. నీ పసుపులో ఉండేది గూడా కొంచెం అదే పని చేస్తాది. అది మాకు ముందే తెలుసు, కొత్త సంగతేం కాదు. మా గుడ్డులోకి వస్తాదనే తెలీదు."

"ఆపితే ఏం మేలు మేడం? నరాలు పెరిగితే మంచిదే గదా?"

"గుడ్డులో మంచిదే, పిల్ల పెరగాల గదా. దెబ్బ మానేదానికి మంచిదే. కంట్లో మంచిది గాదు."

కంట్లో అనేసరికి నాకు నువ్వు గుర్తొచ్చావు. కంట్లో ఏమవుతుందని అడిగాను. మేడం చెప్పింది:

"షుగరు శానా ఏండ్లుంటే, కంటి ఎనక పొరలో సన్న నరాలు మూసకపోతాయి. పొరకు రక్తం చాలదు. కబురు మీద కబురు పంపుతానే ఉంటాది. గ్రాహకాలు ఆ కబురు పట్టుకుంటానే ఉంటాయి. పాత నరాలు నీళ్ళు కారతాయి, పక్కన కొత్త నరాలు లేస్తాయి. ఆ కొత్తవాటికి బలం ఉండదు, చిట్లి నెత్తురు కారతాది. నీళ్ళూరి పొర ఉబ్బితే, తిన్నగా ఉండే గీత వంకరగా కనపడతాది. నడిమధ్యన మసక కడతాది."

మన పైచేనులో బోరు ఎండితే నువ్వు పక్కన ఇంకొకటి వేశావు. అది కూలితే ఇంకొకటి. ఒక్కదానిలోనూ నీళ్ళు నిలవలేదు, చేను మాత్రం గుంతలు పడింది. నీకూ ఏళ్ళ తరబడి షుగరు ఉంది, నీ కంట్లో ఇప్పుడు అదే జరుగుతోందని నా అనుమానం.

అప్పట్లో మన ఊళ్ళో పెట్టిన కంటి క్యాంపులో డాక్టరు కంట్లోకి సూదిమందు వేయించుకోమని చెబితే నువ్వేమన్నావో నాకు గుర్తుంది. "కంట్లో సూది పొడిపించుకుంటే ఉండే చూపు గూడా పోతాది. నన్ను గుడ్డోన్ని చేసి ఊర్లో కూసోబెట్టాలని చూస్తాండారు" అన్నావు. అప్పుడు నేను కూడా నీ వైపే మాట్లాడాను. ఆ డాక్టరుకు ఇందులో ఏదో లాభం ఉందని నేనే నిన్ను ఎగదోశాను. అది నా తప్పు. ఆ సూదిమందు చేసే పని ఇప్పుడు నాకు తెలుసు. కబురు గ్రాహకం దాకా చేరకుండా దాన్ని దారిలోనే పట్టేస్తుంది. కొత్త నరాలు లేవడం ఆగుతుంది, ఊరిన నీళ్ళు తగ్గుతాయి. గుడ్డులో అట్లాంటి మందు పడినచోట నరాలు ఆగిపోవడం భూతద్దంలో నా కళ్ళతో నేను చూశాను. ఎవరో చెబితే నమ్మిన మాట కాదు.

నేను మేడంను ఊరికే వదల్లేదు. సూదివల్ల చెడిపోయిన కళ్ళు లేవా అని అడిగాను. చీము పట్టడం ఉందట, కానీ అరుదట, శుభ్రంగా చేసేచోట వేయించుకోవాలట. ఒక్క సూదితో అయిపోతుందా అని అడిగాను. అవదట, నెలకోసారి కొన్నాళ్ళు పోవాలట, షుగరు కూడా అదుపులో పెట్టుకోవాలట. పోయిన చూపంతా తిరిగొస్తుందా అని అడిగాను. అంతా రాదు, కానీ ఉన్నది నిలుస్తుంది, కొందరికి కొంత వెనక్కి వస్తుంది అన్నది. ఆలస్యం చేస్తే అదీ ఉండదన్నది. అంతా బాగైపోతుందని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఇట్లా చెప్పింది కాబట్టే నమ్మాను.

ఇంకో మాట. చెల్లెలు పసుపు మంచిదని రాసిందని కంట్లో పసుపు పెట్టుకునేవు. పచ్చి పసుపు నమిలేవు, జాగ్రత్త. కడుపులోకి పోయిన పసుపు కంటిదాకా చేరదని మేడం గట్టిగా చెప్పింది. మహానంది మెట్ల దగ్గర తేనె అమ్మేవాడిచ్చిన చుక్కల సీసా కూడా బయట పారెయ్యి. దేవుడి మీద నాకు భక్తి ఉంది. ఆ తేనెవాడి మీద లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు కర్నూలు కంటి ఆసుపత్రికి పోయి వచ్చానని, అక్కడ చుక్కలు వేసి చూసి ఏమీ లేదన్నారని ఫోనులో చెప్పావు. "వచ్చేటప్పుడు బస్సులో పేపరు సదువుకుంటా వచ్చినా" అని కూడా అన్నావు. నేను అప్పుడు నమ్మాను. మొన్న మేడంతో మాటల్లో ఆ చుక్కల సంగతి వచ్చింది. అవి వేశాక కంటిపాప పెద్దదవుతుందట, ఆ పూటంతా దగ్గరి అక్షరం ఒక్కటి కూడా కుదరదట, ఎండ చూడలేరట. మరి నువ్వు ఏ కళ్ళతో పేపరు చదివావు? నువ్వు కర్నూలు పోలేదు. నంద్యాల దాకా అయినా పోయావో లేదో.

కడప బస్టాండులో నన్ను ఎక్కించడానికి వచ్చినప్పుడు, "బోర్డు మీద ఏముందో సదువు మే, సరైన బస్సో కాదో" అన్నావు. కళ్ళజోడు మరిచిపోయానన్నావు. కళ్ళజోడు నీ జేబులోనే ఉంది. నేను చూశాను. చూసి కూడా బస్సెక్కేశాను.

మూడోది, నీ పసుపు. మండీలో కొమ్ము విరిచి లోపలి రంగు చూసి, ఇది ఏ పొలంలోదో చెప్పే మనిషివి నువ్వు. నీ చెయ్యి పైకి లేస్తేనే మూటలు కదులుతాయి. అట్లాంటి నువ్వు చెల్లెలికి ఏరి పంపిన మూటలో పుచ్చు కొమ్ములున్నాయన్నా. ఒకటీ రెండూ కాదు. సూది బెజ్జాలు పడి, విరిస్తే పిండి రాలింది. మొదట నాకు కోపం వచ్చింది, నేను దూరం పోయానని ఏదో ఒకటి కట్టి పంపావనుకున్నాను. తర్వాత ఆ పుచ్చు కొమ్ములు ఏరి పక్కన పెడుతుంటే తెలిసింది. నువ్వు ఏరావు. ఏరే పంపావు. నీకు కనపడలేదు. మండీలో కూడా నువ్వు ఇప్పుడు రంగు చూడడం లేదు, వేళ్ళతో తడిమి, వాసన చూసి చెబుతున్నావు. అది ఎవరికీ తెలియకుండా దాస్తున్నావు. అన్నా, నాకు భయంగా ఉంది.

ఒకటో తరగతిలో నా అక్షరాలు కాగితం మీద ఎక్కి దిగుతుంటే అయ్యవారు కొట్టేవాడు. నువ్వు రోజూ సాయంత్రం తెల్లకాగితం తీసుకుని పెన్సిలుతో గీతలు గీసి ఇచ్చేవాడివి. స్కేలుకు పసుపు, నీ వేళ్ళకు పసుపు. ప్రతి కాగితం అంచునా నీ బొటనవేలి మరక ఉండేది. ఆ గీతల మీదే నేను రాయడం నేర్చుకున్నాను. ఈ ఉత్తరం రాస్తున్నది కూడా ఆ నేర్చుకున్న రాతతోనే.

వదినా, ఇక్కడి నుంచి గట్టిగా చదవొద్దు. దగ్గొచ్చినట్టు ఆగి, మనసులో చదువుకో.

మొదటి నుంచీ ఈ ఉత్తరం చదువుతున్నది నువ్వేనని నాకు తెలుసు. పోయినసారి రాసిన ఉత్తరంలో, నీకు ఇక్కడి చీర కొన్నానని, వదినకు ఇప్పుడే చెప్పొద్దని అన్నకు రాశాను. వారానికి నువ్వు ఫోనులో "చీర ఏం రంగుమ్మే" అని అడిగావు. అన్న చెప్పి ఉంటాడని ముందు అనుకున్నాను. కానీ అన్న కడుపులో మాట బయటికి రాదని మనిద్దరికీ తెలుసు. ఆ ఉత్తరం కూడా నువ్వే చదివి వినిపించావు. ఆయన వద్దన్నాడని నాకు చెప్పకుండా ఉన్నావు. నిన్ను తిట్టడం లేదు. మొగుడి గుట్టు దాచాలనుకున్నావు. ఇంక దాచొద్దు వదినా.

కవరులో ఇంకో తెల్లకాగితం ఉంది. దాని మీద తొమ్మిది అడ్డగీతలు, నడుమ ఒక నల్లచుక్క ఉన్నాయి. ఆయన కళ్ళజోడు పెట్టించి, ఒక కన్ను అరచేత్తో మూయించి, చుక్క వైపే చూడమని చెప్పు. గీతలు ఎట్లా ఉన్నాయో అడుగు. తర్వాత రెండో కన్ను. అన్నీ తిన్నగా ఉన్నాయని ఆయన అంటాడు. నమ్మొద్దు. పైనుంచి నాలుగో గీతను నేను కావాలనే వంకరగా గీశాను. నీకు చూడగానే తెలుస్తుంది. అన్నీ తిన్నగా ఉన్నాయంటే అబద్ధం చెబుతున్నాడు. అన్నీ వంకరగా ఉన్నాయంటే నిజం చెబుతున్నాడు. రెండిట్లో ఏదైనా సరే, ఆగొద్దు.

శైలజ మేడం స్నేహితురాలు ఒకామె కర్నూలులో కంటి డాక్టరు. ఈ వారం కాదు, పై వారం బుధవారం పొద్దున్నకు అన్న పేరు రాయించాం. మహానందికి పోదామని చెప్పి బస్సెక్కించు. నంద్యాలలో దిగనివ్వొద్దు. గొడవ చేస్తే నా మీద పెట్టు, చెల్లెలే చేయించిందని చెప్పు. డాక్టరమ్మ ఫోను నంబరు ఆ గీతల కాగితం వెనక రాశాను. నేనే వచ్చేదాన్ని, కానీ నా పసుపువల్ల మళ్ళీ మొదటి నుంచి గుడ్లు పెట్టారు, ఇంకో రెండు వారాలు కదలడానికి లేదు. ఈసారి నా వల్ల చెడిపోతే ఆ పిల్ల మొహం నేను చూడలేను. గుడ్లు అయిన మర్నాడే బయల్దేరతాను. రెండో సూదికి ఆయన పక్కన నేనుంటాను.

ఒకవేళ ఆయన చుక్క వైపు చూసి, "నాలుగోది ఒగటే వంకరగా ఉండాది" అన్నాడనుకో. రెండు కళ్ళతోనూ అట్లాగే అన్నాడనుకో. అప్పుడు ఈ ఉత్తరంలో నేను రాసిందంతా పాడు అనుమానమని ఒప్పుకుంటాను. ఊళ్ళో అందరి ముందూ ఒప్పుకుంటాను. అట్లా ఒప్పుకునే రోజు కోసం మూడు రోజులుగా దేవుడికి మొక్కుతున్నాను వదినా. ఒక్కసారి నా అనుమానం తప్పని తేలితే చాలు.

ఇప్పుడు మళ్ళీ గట్టిగా చదువు.

పెద్దమ్మకు నా దండాలు చెప్పన్నా. ఆమె మోకాళ్ళకు ఇక్కడి నూనె ఒకటి కొన్నాను, నేనొచ్చేటప్పుడు తెస్తాను. నువ్వు అన్నం వేళకు తిను, షుగరు మాత్ర మానొద్దు. పుచ్చువి పోను మిగిలిన పసుపు చాలా బాగుంది, రంగు బాగా దిగింది. అశ్విని కూడా ఒక పొట్లం అడిగి తీసుకుంది. నేనిక్కడ బాగున్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నీ ఆశీర్వాదం ఉంటే చాలు.

కవరులో ఒక కాగితం పెట్టాను. చిన్నప్పుడు నువ్వు నాకు గీతలు గీసి ఇచ్చేవాడివి కదా, ఈసారి నేను నీకు గీశాను. నా చెయ్యి కుదిరిందో లేదో, ఎన్ని తిన్నగా వచ్చాయో, నువ్వే చూసి చెప్పాలన్నా.

నీ చెల్లెలు,
రామసుబ్బమ్మ